ఫాక్స్‌ట్రాట్ బ్యాచ్ సంక్రాంతి వెళ్లాకే

రాయగడలో మా హాలుకి రౌండ్ డ్యాన్స్ (ఫిగర్లు, అంటే అడుగుల వరసల పేర్లు మైకులో చెప్తుంటే జంటలన్నీ కలిసి వేసే బాల్‌రూమ్ డ్యాన్స్) కోసం వచ్చే జంటలందరికీ నమస్కారం.

ఈ నెల మొదలవ్వాల్సిన ఫేజ్ 4, అంటే నాలుగో స్థాయి ఫాక్స్‌ట్రాట్ (సాగే అడుగుల జంట డ్యాన్స్) బ్యాచ్ ఇప్పుడు లేదు, సంక్రాంతి వెళ్లాకే. ఫోన్ చేసినవాళ్లకి మా ఆయన "నేల పని నడుస్తోంది" అని చెప్పి ఊరుకున్నారు. ఫేజ్ 2 నుంచి మాతో ఉన్నవాళ్లు, మిల్లులో షిఫ్టులు మార్చుకుని వచ్చేవాళ్లు, పార్వతీపురం తిరుగు రైలు కోసం ఆఖరి పాట వదులుకుని స్టేషన్‌కి పరుగెత్తేవాళ్లు ఉన్నారు మీలో. మీకు ఆ ఒక్క ముక్క సరిపోదు.

వానాకాలంలో హాల్లో చెక్క నేల వేయించాం, మీరంతా చూశారు. విశాఖలో ఒక షాపువాళ్లు పంపిన టేకు అది. కిల్న్‌లో (వేడి గదిలో) ఆరబెట్టిన సరుకని బిల్లు మీదే రాసిచ్చారు. వేసిన కొత్తలో అద్దంలా ఉంది. వానలు తగ్గి, దీపావళి దాటి పొడిగాలి తిరిగేసరికి చెక్కకీ చెక్కకీ మధ్య సందులు పడ్డాయి. కొన్నిటికి అంచులు పైకి లేచి నడుమ గుంటపడింది. మన ఊరి వడ్రంగి ఒక చెక్క ఊడదీసి అడుగున తేమ మీటరు పెడితే 20 శాతం దాటి చూపించింది. ఇంటి లోపల వాడే కలపకి 12 దగ్గర ఉండాలంటాడు ఆయన. అంటే పచ్చి కలపే మాకు అంటగట్టారు. తేమ పోతున్నకొద్దీ చెక్క అడ్డంగా కుంచించుకుంటుంది, పొడుగులో పెద్దగా తేడా రాదు. అందుకే హాలు ఈ చివర నుంచి ఆ చివరకి సందులు.

షాపుకి ఫోన్ చేస్తే షాపాయన తడుముకోలేదు. "సందుల్లో పుట్టీ నింపి ఇంకో కోటు పాలిష్ కొట్టించేస్తాం. అయినా రాయగడలో ఏం డ్యాన్సమ్మా, రికార్డింగ్ డ్యాన్సులకి ఆ మాత్రం నేల చాలదా?" అన్నాడు.

ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. క్యూ షీటు (పాటలో ఏ ఫిగర్ ఎప్పుడో రాసిన కాగితం) చదివి ఇంట్లో వంటగది గట్టు పక్కన ఫెదర్ అనే ఫిగర్ సాధన చేసుకుని వచ్చే మనుషులు మీరు. సరుకు బాగాలేదంటే సరుకు గురించి మాట్లాడాలి గానీ, మా ఊరి గురించి, నా దగ్గర నేర్చుకునేవాళ్ల గురించి మాట్లాడే హక్కు ఆయనకి ఎవరిచ్చారు?

అయినా ఒప్పుకుని ఉంటే పని తేలిగ్గా అయిపోయేది. అది దాచను. పుట్టీ పెట్టించుకుంటే బ్యాచ్ అనుకున్న తేదీకే మొదలయ్యేది. ఫీజులు వచ్చేశాయి, షాపుకి డబ్బు కట్టేశాం, కొత్త కలప అంటే మళ్లీ మొదటి నుంచి ఖర్చు. మా ఆయన పుట్టీ వైపే ఉన్నారు. ఎన్ని రాత్రుళ్లు మాటలు నడిచాయో చెప్పలేను. చివరికి నేను ఒప్పుకోలేదు. ఎందుకో మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ నేల మీద తిరిగేది మీ కాళ్లు.

వాల్ట్జ్ బాక్సులో మూడో అడుగుకి పాదాలు కలుస్తాయి, ఉన్న చోటే తిరగొచ్చు. ఫాక్స్‌ట్రాట్‌లో ఫెదర్ అయినా త్రీ స్టెప్ అయినా పాదాలు కలవవు, ఒకదాన్ని దాటి ఇంకొకటి సాగిపోతూనే ఉండాలి. స్లో అనే అడుగుకి రెండు బీట్లు, క్విక్ అనే అడుగుకి ఒక్కోటి, నిమిషానికి 28 నుంచి 30 మెజర్లు (నాలుగేసి బీట్ల వరసలు). ఆ సాగుడుకి అడుగు పట్టేసే నేల పనికిరాదు.

అసలు భయం మడమ తిప్పుళ్లది. ఓపెన్ టెలిమార్క్ అనే ఫిగర్‌లో ఆడవాళ్లు కుడికాలు వెనక్కి వేసి, ఆ మడమ మీద ఎడమవైపుకి తిరుగుతూ ఎడమ పాదాన్ని దగ్గరికి లాక్కుంటారు. ఆ క్షణంలో ఒంటి బరువంతా సన్నటి మడమ మీదే ఉంటుంది. మడమ సందులో దిగిందంటే పాదం ఆగిపోతుంది, ఒళ్లు తిరుగుతూనే ఉంటుంది, దెబ్బ మోకాలికి తగులుతుంది. ఓపెన్ ఇంపెటస్‌లో ఆ వంతు మగవాళ్లది, అక్కడ ఎడమ మడమ మీద తిరగాలి. మనలో సగం మందికి యాభై దాటాయి. పుట్టీ ఉంది కదా అంటారేమో. వానల్లో చెక్క ఉబ్బితే పుట్టీని పైకి తోసేస్తుంది, మళ్లీ చలికాలానికి అదే సందు.

చెడ్డ చెక్కల్ని తప్పించుకుని ఆడొచ్చు కదా అని ఒకరిద్దరు అన్నారు. ఇద్దరే ఆడే బాల్‌రూమ్‌లో అయితే మగాయన దారి మళ్లించుకోగలడు. మనది రౌండ్. అందరూ ఒకే ఫిగర్‌ని ఒకే బీటు మీద వేస్తూ గడియారానికి ఎదురుగా హాలు చుట్టి వస్తారు. ఒక జంట పక్కకి తప్పుకుంటే వెనక జంట వచ్చి తగులుతుంది. పైగా ఫిగర్ మొదలవ్వకముందే దాని పేరు మైకులో చెప్తాను, మీ చెవి ఆ మాట మీద ఉండాలి. కళ్లు సందులు వెతుకుతుంటే క్యూ ఎలా వినబడుతుంది?

టెలిమార్క్, ఇంపెటస్ పక్కనపెట్టి డైమండ్ టర్న్, హోవర్ టెలిమార్క్, ఇన్ అండ్ అవుట్ రన్స్ అనే ఫిగర్లు మొదలుపెట్టమని ఇంకో సలహా. మంచి మనసుతో ఇచ్చిందే, కానీ నేను చెయ్యను. ఇన్ అండ్ అవుట్ రన్స్‌లోకి మనం ఎక్కువగా ఓపెన్ టెలిమార్క్ నుంచో ఇంపెటస్ నుంచో వెళ్తాం. తలుపు తీసేసి గది చూపించమంటే ఎలా? రేపు మీరు ఇంకో ఊళ్లో డ్యాన్సుకి వెళ్తే, క్యూయర్ (మైకులో ఫిగర్ పేరు చెప్పేవాళ్లు) టెలిమార్క్ అనగానే నా దగ్గర నేర్చుకున్న జంట నిలబడిపోకూడదు. రౌండలాబ్ (రౌండ్ డ్యాన్స్ నేర్పేవాళ్ల సంఘం) ఫేజ్ 4లో ఏవి పెట్టిందో అవన్నీ నేర్పుతాను, లేదా ఫేజ్ 4 అన్న పేరు పెట్టను.

కల్యాణ మండపం కూడా చూసొచ్చాం. నున్నటి టైల్స్. మన డ్యాన్స్ బూట్ల స్వేడ్ (నూగు తోలు) సోలుకి దానిమీద పట్టే ఉండదు.

కాబట్టి నేల మొత్తం తీయించేస్తున్నాం. కొత్త కలప ఇక్కడి మిల్లులోనే కోయిస్తున్నాం, ప్రతి చెక్కకీ మా ముందే మీటరు పెట్టాకే తీసుకుంటాం. బిగించే ముందు కొన్ని వారాలు హాల్లోనే పేర్చి ఇక్కడి గాలికి అలవాటు పడనిస్తాం. కింద గచ్చు తేమ ఎక్కకుండా పాలిథీన్ షీటు పరుస్తాం. విశాఖ షాపుతో డబ్బు సంగతి నేను తేల్చుకుంటాను, మీ మీద ఒక్క రూపాయి పడదు. ఫీజు పెరగదు.

కట్టిన డబ్బు వెనక్కి కావాలన్నవాళ్లు అడగండి, అదే రోజు ఇచ్చేస్తాం, కారణం చెప్పక్కర్లేదు. ఉంచేస్తే కొత్త బ్యాచ్‌లో మీ చోటు మీదే. ఈలోపు ఆదివారాలు సాయంత్రం పైగదిలో ఫేజ్ 3 వాల్ట్జ్ నడుస్తుంది, మొజాయిక్ నేల, చోటు తక్కువ, ప్రతి జంటా ముందుగా పేరు చెప్పాలి. ఫాక్స్‌ట్రాట్ వాళ్లకి దానికి ఫీజు లేదు. బయట తొడిగిన బూట్లతో పైకి రావొద్దు, ఇసుక రేణువు అంటిన స్వేడ్‌తో కొత్త నేల గీతలు పడుతుంది, ఆ అలవాటు ఇప్పుడే మానిపించాలి.

కలప దిగిన రోజు చెక్క మీద మీటరు అంకె ఫోటో తీసి గ్రూపులో పెడతాను. అనుమానం ఉన్నవాళ్లు స్వయంగా వచ్చి పెట్టి చూసుకోవచ్చు. పుట్టీ మాట మాత్రం మళ్లీ నా దగ్గర ఎత్తకండి.