సంతకం చేసిన జానపద పాప్ ఆర్ట్ ప్రింట్ల సేకరణ: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

జానపద బొమ్మలను పాప్ ఆర్ట్ పద్ధతిలో, అంటే ప్రకటనలు, సినిమా పోస్టర్ల వంటి ముదురు రంగుల శైలిలో తీర్చి అచ్చువేసిన ప్రింట్లను సేకరించే మన సంఘం గడచిన సంవత్సరంలో హైదరాబాదు కేంద్రంగా చేపట్టిన పనులను కార్యవర్గం పక్షాన సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాము. ఈ ఏడు కొనుగోళ్లు తగ్గించి, ఇప్పటికే సభ్యుల వద్ద ఉన్న ప్రింట్ల పరిశీలనకే ఎక్కువ సమయం కేటాయించాము. నిధులు చాలక చేసిన పని కాదిది. ప్రింటు అడుగున కళాకారుడి పెన్సిలు సంతకం కనబడితే చాలు, ఇక అడగవలసిందేమీ లేదనుకునే ధోరణి మనలో బలపడుతున్నందువల్ల కార్యవర్గం కావాలనే తీసుకున్న నిర్ణయం.

బోనాల పోతురాజును ముదురు గులాబీ, పసుపు రంగుల్లో తీర్చిన ఒక ప్రింటును ఒక సభ్యులు పరిశీలనకు తెచ్చారు. సంతకం చిత్రకారుడిదే. అయితే భూతద్దం పెట్టి చూడగా, నడుముకు చుట్టిన వేపమండల ఆకుపచ్చ రంగంతా నీలం, పసుపు, నలుపు నలకలుగా విడిపోయింది. అంటే అది పెయింటింగును స్కాన్ చేసి ఇంక్‌జెట్ యంత్రంపై తీసిన నకలు. సన్నని వలగుడ్డ తెర గుండా సిరాను కాగితంపైకి దించే సిల్క్‌స్క్రీన్‌ పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో తెర సిద్ధంచేసి, రబ్బరు పట్టీతో సిరా లాగి అచ్చువేస్తారు కనుక రంగు ఒకే పొరగా పరుచుకుంటుంది, కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే అంచున సిరా మందం కూడా తెలుస్తుంది. ఫొటో ఆధారంగా చేసిన తెరల్లోనూ చుక్కలుంటాయి గాని, ఒక్కో తెర చుక్కలన్నీ ఒకే సిరావి. ఇంక్‌జెట్ ప్రతిని కొనడం తప్పేమీ కాదు. దానికి సిల్క్‌స్క్రీన్ ధర చెల్లించడమే తప్పు.

ఇకపై సంఘం రిజిస్టరులో సంతకంతోపాటు ముద్రణ పద్ధతి, కాగితం, అచ్చయిన మొత్తం ప్రతుల సంఖ్య, అందులో మన ప్రతి వరుస సంఖ్య, ఆ లెక్కకు బయట కళాకారుడు తనకోసం విడిగా ఉంచుకున్న ప్రతులు (ఆర్టిస్ట్ ప్రూఫులు) ఎన్ని అన్న వివరాలు నమోదు చేస్తాము. ప్రూఫుల లెక్క చెప్పని విక్రేత దగ్గర తొందరపడవద్దని మనవి. అమెరికా పాప్ ఆర్ట్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1981లో సూపర్‌మ్యాన్, డ్రాకులా, మంత్రగత్తె, శాంటాక్లాజ్ వంటి అమెరికా ప్రజల ఊహాలోకపు బొమ్మలతో వెలువరించిన 10 ప్రింట్ల ‘మిథ్స్’ సంపుటి విషయంలో ఒక్కో బొమ్మకు 200 ప్రతులన్న లెక్క నేటికీ అందుబాటులో ఉంది. మన దగ్గర అచ్చయ్యే వాటికి అంతపాటి లెక్క ఆశించడం అత్యాశ కాదు.

బొమ్మ వెనుక కథను కూడా నమోదు చేయాలన్న సూచనను కార్యవర్గం ఆమోదించింది. తెలంగాణలోని చెర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డపై వరుసగా కథ గీసే పటాల నుంచి ఎర్రటి నేపథ్యాన్నీ, పెద్ద కళ్లనూ తెచ్చుకుంటున్న ప్రింట్లు ఇటీవల చాలా వస్తున్నాయి. ఆ పటం గోడకు తగిలించే అలంకారంగా పుట్టలేదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని కూనపులివారు, గౌడులకు గౌడ పురాణాన్ని గౌడజెట్టీలు, మాదిగలకు జాంబపురాణాన్ని డక్కలివారు పటం విప్పుతూ చెప్పుకుంటూ వచ్చారు. ఏ పురాణంలోని ఏ ఘట్టమో చెప్పలేని ప్రింటులో రంగులు ఎంత బాగున్నా, మా దృష్టిలో అది సగం సేకరణే. పాప్ ఆర్ట్ కోవకు చేరకపోయినా, గ్రామీణ జీవితంలోంచి పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగులనూ (లోహపు రేకుపై ఆమ్లంతో గీతలు తొలిచి తీసే అచ్చులు), చిత్రకారుడు తోట వైకుంఠం సెరిగ్రాఫులనూ (సిల్క్‌స్క్రీన్ ప్రింట్లు) పోలిక కోసం సభ్యులు తమ ఇళ్ల నుంచి తెచ్చి చూపారు. వారికి కృతజ్ఞతలు.

వానాకాలంలో కొన్ని ప్రింట్లకు బూజు పట్టింది. ఫ్రేములో అద్దం కాగితానికి నేరుగా తగలకుండా బొమ్మ చుట్టూ ఆమ్లం లేని అట్ట చట్రం (మౌంటు) వేయించాలనీ, వెనుక మామూలు అట్ట పెట్టవద్దనీ, లామినేషన్ ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించవద్దనీ కోరుతున్నాము.

సంఘం క్యాలెండరుకు సభ్యుల ప్రింట్లను వాడుకుందామన్న ప్రతిపాదనను పక్కన పెట్టాము. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, కళాకారుడు రాసి ఇస్తే తప్ప, ప్రింటు కొన్నంత మాత్రాన దాన్ని తిరిగి అచ్చువేసే హక్కు మనకు రాదు. కళాకారుల నుంచి లిఖితపూర్వక అనుమతి వచ్చిన బొమ్మలతోనే వచ్చే ఏడాది క్యాలెండరు వేస్తాము.

రిజిస్టరు నమోదుకు ప్రింట్లు తేదలచిన సభ్యులు ఫ్రేము విప్పించి, చదునైన అట్టల మధ్య పెట్టి తీసుకురావలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
కార్యదర్శి