పది వాట్ల రేడియోను తీసేయకండి

సంపాదకుడు గారికి,

కొత్త కార్లలో ఏఎం రేడియో ఎత్తేయడంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో వార్తలు, పాటలు వేసే పెద్ద స్టేషన్ల గురించే రాశారు. అమెరికాలో హైవేల పక్కన, నేషనల్ పార్కుల్లో, విమానాశ్రయాల దగ్గర రోడ్డు సమాచారం చెప్పే చిన్న స్టేషన్ల ఊసే లేదు. శాక్రమెంటోలో ఉంటూ చలికాలంలో పిల్లల్ని తాహో సరస్సు దగ్గరి కొండల మంచుకు తీసుకెళ్లే మాలాంటి కుటుంబాలకు ఇవి చాలా ముఖ్యం.

మనకు దివిసీమ ఉప్పెన వచ్చిన 1977లోనే అమెరికాలో రేడియో వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వీటికి నిబంధనలు పెట్టింది. నడిపేది ప్రభుత్వ సంస్థలే, ప్రకటనలు వేయకూడదు. మామూలు యాంటెనా అయితే పవర్ 10 వాట్లు, ఎత్తు 15 మీటర్లు మించకూడదు. 1.5 కిలోమీటర్ల దూరంలో సిగ్నల్ మీటరుకు 2 మిల్లీవోల్టులు దాటకూడదు. పక్క స్టేషన్లకు అడ్డు రాకూడదనే ఈ కట్టడి. అన్నీ సరిగ్గా ఉంటే ఐదు నుంచి ఎనిమిది కిలోమీటర్ల వరకు మాట బాగానే వినిపిస్తుంది.

"అంతా గరగరే, ఇంకెందుకవి?" అని మా స్నేహితులే అంటుంటారు. గరగరకు కారణాలున్నాయి. ఇలాంటి స్టేషన్లు వాడే 1610 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 186 మీటర్లు. దాన్ని 15 మీటర్ల స్తంభంతో పంపాలంటే దాని చుట్టూ నేలలో పాతిన రాగి తీగలు బాగుండాలి. అవి తుప్పు పట్టినా, తవ్వకాల్లో తెగినా రేంజ్ పడిపోతుంది. తడి నేల మీద ఈ తరంగం బాగా సాగుతుంది, తాహో దారిలోని సియెరా కొండల గ్రానైట్ రాతి మీద త్వరగా నీరసిస్తుంది. చీకటి పడితే దూరపు స్టేషన్లు ఆకాశం నుంచి వచ్చి మీద పడతాయి. ఇందులో నేలను, రాత్రిని ఎవరూ మార్చలేరు. తీగల్ని మాత్రం బాగు చేయొచ్చు.

ఇంకో ఇబ్బంది బోర్డులతో. "లైట్లు వెలుగుతుంటే రేడియో పెట్టండి" అని బోర్డు ఉంటుంది, పెడితే అక్కడ సిగ్నలే ఉండదు. గంటకు 105 కిలోమీటర్ల వేగంతో వెళ్తే స్టేషన్‌కు అటూ ఇటూ ఎనిమిదేసి కిలోమీటర్లు తొమ్మిది నిమిషాల్లో అయిపోతాయి. అందులో మొదటి, చివరి నిమిషాలు గరగరకే పోతాయి. అంత కొద్ది వ్యవధిలో నాలుగు నిమిషాల సందేశం తిప్పి తిప్పి వేస్తే మనకు కావలసిన ముక్క దాటిపోతుంది. ఒక కొండదారిలో ఎండ కాస్తుండగా, ఎప్పుడో రికార్డు చేసిన మంచు హెచ్చరిక వస్తూనే ఉంది. అలాంటిది ఒకసారి విన్నాక ఎవరు మళ్లీ నమ్ముతారు?

సియెరా కొండల్లోని డోనర్ పాస్ అనే కనుమ మీదుగా వెళ్లే ఐ-80 హైవేలో కావలసింది చిన్న మాటే: మంచులో టైర్లకు చెయిన్లు (గొలుసులు) వేసుకోవాలనే నిబంధన ఇప్పుడు ఏ స్థాయిలో ఉంది, ఆర్1 ఉందా, ఆర్2 ఉందా, ఆర్3 ఉందా? ఆర్2 అయితే, నాలుగు చక్రాలకూ స్నో టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండికి తప్ప అందరికీ చెయిన్లు తప్పనిసరి. ఆర్3 అయితే ఎవరికీ మినహాయింపు లేదు. అది ముందే తెలిస్తే వెనక్కి తిరగొచ్చు, లేదా మంచు లేనిచోటే ఆగి చెయిన్లు వేసుకోవచ్చు. తెలియక ఎక్కిపోతే, వెనక సీట్లో పిల్లలు ఏడుస్తుంటే ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఫోన్ ఉంది కదా అంటారు. 2023 ఆగస్టులో హవాయిలోని లహైనా పట్టణం తగలబడినప్పుడు ఫోన్లు పనిచేయలేదు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను తర్వాత పశ్చిమ నార్త్ కరోలినాలో ఫోన్ టవర్లు పనిచేయకపోతే జనం రేడియో మీదే ఆధారపడ్డారు.

ఎలక్ట్రిక్ కార్ల మోటారు వ్యవస్థ వల్ల ఏఎంలో రొద వస్తుందని కొన్ని కంపెనీలు ఏఎంనే తీసేశాయి. రొదను అడ్డుకునే షీల్డింగ్, ఫిల్టర్లు ఉన్నాయి, ఖర్చు పెట్టాలి అంతే. ఫోర్డ్ తీసేస్తానని చెప్పి 2023 మేలో వెనక్కి తగ్గింది. ప్రతి కారులో ఏఎం ఉండాలనే బిల్లు కూడా అదే నెలలో కాంగ్రెస్ ముందుకొచ్చింది.

ఈ స్టేషన్లు నడిపే సంస్థలను నేను కోరేది ఇదీ. మంచు మొదలవక ముందే నేలలోని తీగలు పరీక్షించండి. మాట స్పష్టంగా వినిపించేచోటే బోర్డు పెట్టండి. సందేశం ఒక నిమిషం దాటనివ్వకండి, తేదీ, సమయంతో మొదలుపెట్టండి. 3 కిలోహెర్ట్జ్ పైన ఉండే శబ్దాన్ని కోసేసే పాత ఫిల్టర్ ఉంటే మార్చండి, 5 కిలోహెర్ట్జ్ వరకు పంపొచ్చని ఎఫ్‌సీసీ 2015లోనే అనుమతించింది. ఇక్కడి తెలుగు సంఘాలు కూడా తమ ప్రాంత ప్రతినిధులకు ఈ విషయమై ఉత్తరాలు రాయాలని మనవి.

— ఒక పాఠకురాలు, శాక్రమెంటో, కాలిఫోర్నియా