హర్స్‌కీ గుర్రానికీ చుట్టరికం లేదు

సంపాదకులకు నమస్కారం.

వైకుంఠ రథాన్ని ఇంగ్లీషులో హర్స్ అంటారు. ఒకప్పుడు గుర్రాలు లాగేవి గనుక హార్స్ నుంచే ఆ మాట పుట్టిందని పిల్లలకు చెప్పేస్తున్నారు. అది తప్పు. దాని మూలం మన లంక రైతుల చేతిలో ఉండే పళ్ల గొర్రు.

లాటిన్‌లో హిర్పెక్స్ అంటే గట్టి పళ్లున్న పెద్ద దంతె. ఫ్రెంచివారి నోట అది హెర్స్ అయి, గొర్రుకు పేరైంది. గొర్రును తిరగేసి చూడండి: చట్రం, పైకి లేచిన మేకులు. మధ్యయుగపు చర్చిల్లో శవపేటిక మీద సరిగ్గా అలాంటి ఇనుప చట్రమే నిలిపి, ఒక్కో మేకుకు ఒక్కో కొవ్వొత్తి గుచ్చేవారు. 14వ శతాబ్దపు ఇంగ్లీషులో హర్స్ అంటే ఆ కొవ్వొత్తుల చట్రమే. పేరు క్రమంగా పాడె మీదికి జారి, 17వ శతాబ్దంలో శవాన్ని మోసే బండికి స్థిరపడింది.

ఇక్కడ ఇంకో పొరపాటూ జరుగుతుంది. ఇంగ్లీషులో గొర్రుకు హారో అనే మాట ఉంది కదా, హర్స్ అందులోంచే వచ్చిందనుకుంటారు. హారో జర్మానిక్ భాషల సొత్తు, దాని వేరు వేరు.

అసలైన తోబుట్టువు మన నాటక సమాజాలవారు రోజూ వాడే రిహార్సలే! దున్నిన చేలో మొదటి సాలుకు గడ్డలు చితుకుతాయి. అడ్డంగా మళ్లీ తోలితేనే గరికవేళ్లు పైకొస్తాయి. ఆ మళ్లీ తోలడమే రిహార్స్.

పాఠం చెప్పేటప్పుడు బల్ల మీద గొర్రు బొమ్మ గీయమని ఉపాధ్యాయులకు మా మనవి.

- భాషాభిమానులు, అమలాపురం