మన బడి కబుర్లు: గుట్ట మంట గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సోమవారం బడి వెనక గుట్ట అంటుకున్న సంగతి గ్రూపులో మూడ్రోజులుగా నడుస్తానే ఉంది, పిల్లోళ్లే అగ్గిపెట్టెతో ఆడి అంటించినారని వాయిస్ మెసేజులు కూడా విన్నా. కాదండీ. వ్యాన్ ఆగే చోట పొద్దున ఆరింటికి పెద్దోళ్లు ఏసుకున్న చలిమంట అది. వ్యాన్ రాంగానే కాలితో నాలుగు తోపులు మన్ను తోసి ఎవరి దారిన వాళ్లు పోయినారు. మన్ను కింద కణికలు ఆరవు, దాంకుంటాయి. పది గంటలకు మంచు ఆరి గాలి లేసింది, అంతే, బోదగడ్డి అంటుకుంది. చలికాలంలో కార్చిచ్చేంది సార్ అని ఒకాయన అడిగినాడు. వానలు ఆగి ఎన్నాళ్లయింది, గడ్డి ఎట్లుందో చూసినారా?

పొగ ముందు చూసింది ఎనిమిదో తరగతి పాప. మేం టీచర్లం తడబడతా ఉంటే 101కి ఫోన్ చేసి గుర్తులు సక్కగా చెప్పింది ఆ పిల్లే. మజ్జాన్నం మూడింటికి అంతా అయిపోయిందనుకుంటే ఆరో తరగతి పిల్లోడు బూడిద దగ్గర చేతి వెనక పక్క పెట్టి, సార్ ఇంకా కాక ఉంది అన్నాడు. మళ్లీ రెండు బకెట్లు పోసి, కట్టెతో కలియబెట్టి, ఇంకోటి పోస్తే గానీ చల్లారలే. నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి, పొగకి కాదు.

ఇంకో మాట చెప్పాల, నాకిది పిచ్చి అనుకున్నా సరే. మన కడప జిల్లా కంప అడవిలో కలివికోడి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిపోయిందనుకున్న పిట్ట 1986లో మన సిద్ధవటం వైపే దొరికింది, దానికోసం తెలుగుగంగ కాలువ దారే మార్చినారు. లంకమల అభయారణ్యం వచ్చింది కూడా ఆ పిట్ట వల్లే. అది నేలమీద తిరిగే పిట్ట, పొదలే దానికి ఇల్లు. ఎర్రచందనం ఉండేది కూడా ఈ కొండల్లోనే. అట్లాంటి చోట మనం బిందెడు నీళ్లకు వెనకాడతన్నాం.

మీ ఇండ్ల సంగతి నాకెందుకు గానీ, పొద్దున్నే పిల్లల చేతికి అగ్గిపెట్టె ఇచ్చి కంప ఏరకరమ్మని పంపేది ఎవరు? టైర్ ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు మంటలో ఏసేది ఎవరు? పిల్లోళ్లు ఆ కంపుతోనే క్లాసుకొస్తన్నారు. చెనక్కట్టె (ఎండిన వేరుశనగ మేత) వామి పక్కనే చలి కాగేవాళ్లు కూడా ఉన్నారు, పేర్లు రాయను.

టెన్త్ పిల్లలకు స్టడీ అవర్ సాయంత్రం ఆరు దాకా, ఫీజు బాకీలు ఆఫీసులో కట్టండి, శనివారం మీటింగు ఉంది.

వ్యాన్ దగ్గర రేపట్నుంచి ఒక కడవ నీళ్లు పెట్టిస్తన్నా. మంట ఏసినోళ్లే ఆర్పి, కడవ నింపి పోండి. ఎత్తుకపోవద్దు దయచేసి, పోయినేడు పెట్టిన చెంబు ఇంతవరకు రాలే.

మీ హెడ్మాస్టరు