కాతేరు గవ్వలకు ఒక గది కావాలి

సంపాదకులకు,

నేను రాజమహేంద్రవరంలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ చలికాలం ఇంగ్లండు దక్షిణ తీరంలో, డోర్సెట్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడికి దగ్గర్లో చార్‌మౌత్ అని ఒక చిన్న ఊరుంది. ఆ ఊరి ఒడ్డున జనం శిలాజాలు ఏరుకునే తీరు చూశాక మన రాజమహేంద్రవరం దగ్గరి కాతేరు, గౌరీపట్నం క్వారీల్లో గవ్వలున్న రాళ్ల సంగతి మీ పత్రిక ద్వారా నలుగురికీ చెప్పాలనిపించింది.

ఎండాకాలంలో చార్‌మౌత్‌కు సందర్శకులు ఎక్కువే కానీ, శిలాజాలు బాగా దొరికేది మాత్రం చలికాలంలోనే. ఒడ్డు వెంట నిలబడ్డ నల్లమట్టి కొండలు 19 కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు బురద. శీతాకాలపు వానలకు ఆ మట్టి నాని, జారి, ఒడ్డు మీదికి వచ్చి పడుతుంది. నైరుతి గాలులతో తుపాను వచ్చిందంటే అలలు ఆ బురదను కడిగేసి లోపలి గట్టి వస్తువులను గులకరాళ్ల మధ్య వదిలేస్తాయి. అందుకే గాలివాన వెలిసిన మర్నాడు, చేతులు కొంకర్లు పోయే చలిలో కూడా, ముసలివాళ్లు, పిల్లలు, కుక్కలను వెంటబెట్టుకున్నవాళ్లు అందరూ తల వంచుకుని ఒడ్డు మీద తిరుగుతుంటారు.

వెళ్లేముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోవాలి. పోటు తగ్గుముఖం పట్టాక దిగి, మళ్లీ నీళ్లు ఎక్కకముందే పైకి వచ్చేయాలి. చార్‌మౌత్‌కూ పక్కనున్న లైమ్ రీజిస్‌కూ మధ్య నడిచేవాళ్లకు ఒకవైపు కొండ, ఒకవైపు నీళ్లు. పోటు ఎక్కితే తప్పించుకునే దారి ఉండదు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికల్లా పొద్దు గుంకుతుంది కూడా. కొండ అంచు కిందికి పోకూడదు, జారిన బురద మీద కాలు పెట్టకూడదు. 2008 మేలో ఈ రెండు ఊళ్ల మధ్యే పెద్ద కొండచరియ విరిగిపడింది. కొండను తవ్వడం పద్ధతి కాదు. ఒడ్డు మీదికి వచ్చిపడ్డవి మాత్రం ఎవరైనా ఏరుకోవచ్చు.

మొదట్లో కంటికి ఏమీ ఆనదు. అన్నీ బూడిద రంగు గులకలే. ఇక్కడి ఒకావిడ నాకు కిటుకు చెప్పింది: ఇనుప గంధకం పట్టిన శిలాజాలు బరువుగా ఉంటాయి కాబట్టి, అలలు బరువైన చిన్న రాళ్లను చేర్చిన చోటే వెతకాలట. ఆ చోట మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క గులకనూ పక్కకు జరుపుతుంటే, గోరంత వెడల్పున, ఇత్తడి రంగులో మెరుస్తూ, చుట్టలు చుట్టుకున్న అమ్మోనైట్, అంటే ఏనాడో అంతరించిన సముద్రజీవి గుల్ల, కనపడింది. మన ఇళ్లలో పూజగదిలో ఉండే సాలగ్రామం లోపలి చుట్టలు కూడా అమ్మోనైట్‌వే. గండకీ నదిలో దొరికే ఆ రాళ్లు ఒకప్పటి సముద్రపు అడుగునుంచి హిమాలయాలకు ఎక్కినవి. ఈ జీవిని నేను నత్తలు, ఆల్చిప్పల వర్గమైన మొలస్కా పాఠంలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేసేదాన్ని. చేతిలో పెట్టుకుని చూస్తే ఆ వాక్యం ఎంత చిన్నదో తెలిసింది.

బెలెమ్నైట్లు ఇంకా సులువుగా దొరుకుతాయి. మన కటిల్ ఫిష్‌కు దూరపు చుట్టం అయిన జీవి లోపలి గట్టి భాగం అది, అచ్చం పలక మీద రాసే బలపం ముక్కలా ఉంటుంది. కొన్నిటిలో సిరా తిత్తి కూడా శిలాజమై మిగిలింది. లైమ్ రీజిస్‌లో ఎలిజబెత్ ఫిల్‌పాట్ అనే ఆవిడ ఆ ఎండిన సిరాను తడిపి, దానితోనే శిలాజాల బొమ్మలు వేసింది!

ఒకరోజు మా మనవరాలు నల్లటి గుండ్రటి రాయి ఒకటి తెచ్చి "అమ్మమ్మా, ఇదేంటి?" అంది. రెండు వైపులా నొక్కినట్టు గుంటలు. సొరచేప వెన్నుపూస పాఠంలో బోర్డు మీద ఎన్ని సంవత్సరాలు గీశానో ఆ ఆకారాన్ని. రెండు గుంటలున్న ఈ పూసను మేం ఉభయగర్తి అని చెప్పేవాళ్లం. దాన్ని తీసుకుని ఒడ్డునే ఉన్న చార్‌మౌత్ హెరిటేజ్ కోస్ట్ సెంటర్‌కు వెళ్లాం. అక్కడి అమ్మాయి ఒక్క చూపు చూసి ఇక్తియోసార్ వెన్నుపూస అని చెప్పింది. అంటే సముద్రంలో ఈదిన సరీసృపం. పిల్లదాన్ని కూర్చోబెట్టి, ఎక్కడ దొరికిందో అడిగి, ఉప్పు పోయేలా మంచినీళ్లలో ఎలా నానబెట్టాలో చూపించింది. ఇత్తడి రంగు అమ్మోనైట్లను పొడిగా ఉంచకపోతే తేమకు తెల్లపొడి పట్టి రాలిపోతాయని కూడా హెచ్చరించింది. మన గోదావరి గాలిలో అవి ఎన్నాళ్లు నిలుస్తాయో అనుకున్నాను.

ఆ సెంటర్‌లో ఉన్న ఏర్పాటే నేను చెప్పదలచుకున్నది. ఇక్కడ 1998లో శిలాజాలు ఏరుకునేవాళ్లకు ఒక నియమావళి పెట్టారు. దొరికింది మామూలుదైతే ఇంటికి తీసుకెళ్లండి, శాస్త్రానికి ముఖ్యమైనదైతే ఆ సెంటర్‌లో నమోదు చేయించండి అంటారు. అలలు ఎలాగూ కొట్టుకుపోయేవాటిని మనుషులు కాపాడుతున్నారు. 2001లో ఈ తీరాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇదంతా మొదలైంది పేదింట్లో. లైమ్ రీజిస్‌లో పుట్టిన మేరీ ఆనింగ్ అనే పిల్ల తండ్రి చెక్కపని చేసేవాడు, 1810లో పోయాడు. ఆ పిల్ల, ఆమె అన్న ఈ ఒడ్డున గవ్వలు, శిలాజాలు ఏరి సందర్శకులకు అమ్ముకుని బతికారు. అన్నాచెల్లెళ్లు 1811, 12 ప్రాంతంలో ఇక్తియోసార్‌ను బయటపెట్టారు. 1823లో మేరీ పొడవాటి మెడ ఉన్న మరో సముద్రపు సరీసృపాన్ని, ప్లీసియోసార్‌ను, మొత్తంగా వెలికితీసింది. కొండచరియ పడి ఆమె కుక్క చచ్చిపోయింది, ఆమె వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆడవాళ్లను జియలాజికల్ సొసైటీ గడప తొక్కనివ్వని రోజులవి. 2022లో, ఒక బడిపిల్ల మొదలుపెట్టిన ఉద్యమంతో, లైమ్ రీజిస్‌లో ఆమె విగ్రహం నిలిచింది.

ఇప్పుడు మన సంగతి. రాజమహేంద్రవరం పక్కన కాతేరులో, గోదావరి పడమటి గట్టున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీలలో, నల్లరాతి పొరల మధ్య తెల్లటి సున్నపురాయి పొర ఒకటి కనపడుతుంది. ఆ నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపునుంచి వెయ్యి కిలోమీటర్ల దూరం పారివచ్చిన లావా. ఒక విడత లావాకూ మరో విడతకూ మధ్య సముద్రం ఇక్కడిదాకా వచ్చి ఆల్చిప్పలనూ మెలికల టర్రిటెల్లా గుల్లలనూ వదిలి వెళ్లింది. నాగపూర్‌లో మిషనరీగా ఉన్న స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే ఈ గుల్లల గురించి రాశాడు. 1930ల్లో ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు ఇందులోని ఫోరామినిఫెరాలను, అంటే గుల్లలున్న సూక్ష్మ సముద్రజీవులను, వర్ణించారు. 2008లో భూశాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం ఇదే పొరలో డైనోసార్లు అంతరించిన వెంటనే బతికిన సూక్ష్మజీవులను గుర్తించి, దక్కన్ అగ్నిపర్వతాల ముఖ్య విడత ఆ విలయం దరిదాపుల్లో ముగిసిందని ప్రకటించింది. భూమి చరిత్రలో అంత పెద్ద మలుపుకు సాక్ష్యం మన కంకర క్వారీల్లో ఉంది. కంకరకు పనికొచ్చేది నల్లరాయి. గవ్వలున్న తెల్లరాయి పక్కన గుట్టగా పడి ఉంటుంది. రాజమహేంద్రవరంలో చదివిన పిల్లల్లో ఎంతమందికి ఈ ముక్క చెప్పాం?

విశాఖ ఎర్రమట్టి దిబ్బలను, తిరుమల శిలాతోరణాన్ని, మంగంపేట ముగ్గురాయిని జియలాజికల్ సర్వే జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా ప్రకటించింది. సంతోషం. ఈ గవ్వల పొరకూ ఆ అర్హత ఉంది. పని ఆగిపోయిన ఒక పాత క్వారీ గోడను, పైనుంచి కిందిదాకా పొరలన్నీ కనపడేలా, తవ్వకుండా కంచె వేసి ఉంచితే చాలు. పని జరిగే క్వారీల్లోకి పిల్లలను పంపమని నేను అనను, అది ప్రాణాపాయం. తెల్లరాయి గుట్టను ఒక ఖాళీ స్థలానికి తరలిస్తే, మాస్టారు వెంట ఉండగా పిల్లలు అక్కడే ఏరుకోవచ్చు. దాని పక్కన ఒక గది, ఒక సూక్ష్మదర్శిని, దొరికినదాన్ని రాసుకునే ఒక రిజిస్టరు, చూసి చెప్పే ఒక మనిషి. గనుల లీజుదార్లు చెల్లించే జిల్లా ఖనిజ ఫౌండేషన్ సొమ్ములో దీనికయ్యేది ఏ మూలకూ రాదు. జిల్లా కలెక్టరు, గనుల శాఖ అధికారులు, విశ్వవిద్యాలయాల భూగర్భశాస్త్ర ఆచార్యులు ఒక్కసారి కూర్చుని మాట్లాడుకోవాలని కోరుతున్నాను.

మార్చిలో తిరిగి వస్తున్నాను. కాతేరులో నేనూ నా విద్యార్థులూ ఏరిన టర్రిటెల్లా రాళ్లు మా ఇంట్లో ట్రంకుపెట్టెలో, దొరికిన చోటు రాసిన చీటీలతో సహా, ఉన్నాయి. గది సిద్ధమైతే అవన్నీ ఇచ్చేస్తాను. వారానికి రెండు పూటలు వచ్చి, పిల్లలు తెచ్చిన రాళ్లు చూసి పేర్లు చెప్పడానికి జీతం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
రాజమహేంద్రవరం