రెండు రాత్రులు ఫోను పెట్టేయని ఆ తమ్ముడికి కృతజ్ఞతలు

నా ల్యాప్‌టాప్ ఈ తెల్లవారుజామున 2 గంటలు దాటాక మళ్లీ ప్రాణం పోసుకుంది. విండోస్‌లాగే కంప్యూటరును నడిపించే లినక్స్ మింట్ తెరుచుకుంది, విండోస్ తెరుచుకుంది, పదకొండేళ్లుగా ఊరూరా తిరిగి పోగేసుకున్న చేనేత మాటల రికార్డింగులు 214 ఉంటే ఒక్కటి కూడా పోలేదు. రెండు రాత్రులుగా కంటిమీద కునుకు లేదు, పొద్దున 9 గంటలకు క్లాసు ఉంది, అయినా ఈ నాలుగు మాటలు చెప్పుకోకుండా పడుకుంటే నిద్ర పట్టేలా లేదు. అలసటలో రాస్తున్నాను కనుక తప్పులుంటే మన్నించండి.

నేను నల్గొండలో తెలుగు పాఠాలు చెబుతాను. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు మగ్గాల మీద కూర్చునేవాళ్లు వాడే మాటల మీద పరిశోధన చేస్తున్నాను. సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ఈ నెలాఖరు గడువు. నా ల్యాప్‌టాప్ 2017లో కొన్నది. అందులోని 7వ తరం ప్రాసెసర్ విండోస్ 11కు సరిపోదు, విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిపోయింది. అలాగని విండోస్‌ను పూర్తిగా వదులుకోలేను, ఎందుకంటే గ్రంథంలోని పాత అధ్యాయాలన్నీ పాత పద్ధతి అను తెలుగు ఫాంట్లలో, విండోస్‌లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. అందుకే 2029 దాకా అప్‌డేట్లు వచ్చే లినక్స్ మింట్ 22ను దాని పక్కనే పెట్టుకుని, ఇంటర్నెట్ పనులన్నీ అందులో చేసుకుందామని పూనుకున్నాను.

ఎక్కడ దెబ్బతిన్నానో ఇప్పుడు తెలుసు కాబట్టి, ఇదే దారిన వెళ్లబోయేవారి కోసం దాచకుండా చెబుతాను. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే వచ్చే జాబితాలో, మింట్ ఇన్‌స్టలేషన్ కోసం తయారుచేసుకున్న నా పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపించింది. ఒకదాని ముందు యూఈఎఫ్‌ఐ (కంప్యూటరు మొదలయ్యే కొత్త పద్ధతి) అని ఉంది, రెండోదాని ముందు ఏమీ లేదు. రెండూ ఒకటే అనుకుని ఉత్త పేరున్నదాన్ని ఎంచుకున్నాను. దాంతో పెన్‌డ్రైవ్ పాత బయోస్ పద్ధతిలో మొదలైంది, డిస్కులో ఉన్న విండోస్ మాత్రం యూఈఎఫ్‌ఐ పద్ధతిలో, దానికి తగ్గట్టు ముక్కలు చేసిన జీపీటీ రకం డిస్కు మీద ఉంది. అంతటితో ఆగినా బాగుండేది. డిస్కు మొదట్లో ఎందుకూ పనికిరానట్టు కనిపించిన 100 ఎంబీ ముక్కను, ఒక వీడియోలో చెప్పినదాన్ని నమ్మి, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 రకంగా ఫార్మాట్ చేశాను. విండోస్ మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అదేనట. ఇన్‌స్టలేషన్ చివరిదాకా వచ్చి, ఆన్ చేయగానే మింట్‌నో విండోస్‌నో తెరిచే గ్రబ్ అన్న ప్రోగ్రామ్‌ను డిస్కులో పెట్టలేకపోయామని, ఇది ఫేటల్ ఎర్రర్ అని ఒక పెట్టె తెర మీద నిలబడింది. ఆ కంగారులో బయోస్ అనే సెట్టింగుల తెరలోకి వెళ్లి బూట్ మోడ్‌ను లెగసీకి, అంటే పాత పద్ధతికి మార్చాను. అక్కడి నుంచి ఏది నొక్కినా నల్లటి తెర మీద నో బూటబుల్ డివైస్ అన్న ఒక్క వాక్యమే.

మర్నాడు సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్లాను. పది నిమిషాలు కూడా చూడకుండా హార్డ్ డిస్కు పోయిందన్నారు. కొత్తది వేసి విండోస్ ఎక్కించడానికి 6,500 రూపాయలు, పాత డేటా కావాలంటే డిస్కును హైదరాబాద్ పంపాలి, దానికి 22,000, అయినా వస్తుందన్న హామీ లేదు. పెన్‌డ్రైవ్ పెట్టి ఒకసారి చూడండి బాబూ అని అడిగితే, లినక్స్ ఎక్కించిన మిషన్ మేం ముట్టుకోం మేడం అన్నారు. ఆ రికార్డింగుల్లో గొంతులిచ్చిన పెద్దవాళ్లలో తొమ్మిదిమంది ఇప్పుడు లేరు. వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి అడిగే వీలు లేదు. బస్టాండులో ల్యాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని రెండు బస్సులు పోయేదాకా లేవలేకపోయాను.

ఆ సాయంత్రం మా కాలేజీలో లెక్కలు చెప్పే మేడం తన మేనల్లుడిని అడిగి, అతని పాత రూమ్మేట్ నంబరు ఒకటి ఇప్పించారు. ఆయన శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ చేస్తారు. తమ ల్యాబులో మూలపడేసిన పాత కంప్యూటర్లకు లినక్స్ ఎక్కించి నడిపిస్తూ ఈ పని నేర్చుకున్నారట. నా ముఖం ఎరగరు, నా ఊరు ఎరగరు. పేరు రాయవద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. మొదట సార్ అని పిలిస్తే, పాఠాలు చెప్పేవారు మీరు, నన్ను సార్ అనకండి మేడం అన్నారు. అందుకని తమ్ముడనే అంటాను.

రాత్రి 9:40కి ఫోను చేసి జరిగినదంతా చెప్పాను. ఆ 100 ఎంబీ ముక్కను ఫార్మాట్ చేసిన సంగతికి వచ్చేసరికి నా గొంతు తగ్గిపోయింది. అప్పటికి అది విన్నవాళ్లందరూ, తెలియనప్పుడు ఎందుకు ముట్టుకున్నారనే అన్నారు. ఆయన ఒక్క క్షణం ఆగి, "అది తీయకూడని ముక్క అని ఆ తెర మీద ఎక్కడా రాసి ఉండదు కద మేడం, మీకెలా తెలుస్తుంది" అన్నారు. నేను ఫోను బల్ల మీద పెట్టేసి ఏడ్చాను. వెక్కిళ్లు ఆయనకు వినిపించే ఉంటాయి. మళ్లీ ఫోను అందుకునేదాకా ఏమీ మాట్లాడకుండా, లైను మీదే ఉన్నారు.

బాగుచేయడానికి ముందు డేటా బయటికి తీద్దాం, ఆ తర్వాత ఏం జరిగినా భయం ఉండదు అన్నది ఆయన మొదటి మాట. బయోస్‌ను తిరిగి యూఈఎఫ్‌ఐకి మార్పించి, ఈసారి జాబితాలో ముందు యూఈఎఫ్‌ఐ అని ఉన్న పెన్‌డ్రైవ్‌నే ఎంచుకోమన్నారు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో సిస్, ఫర్మ్‌వేర్, ఈఎఫ్‌ఐ అన్న ఫోల్డర్ ఉందో లేదో చూడమన్నారు. ఆ ఫోల్డర్ కనిపిస్తేనే సరైన పద్ధతిలో మొదలైనట్టట. తర్వాత డిస్కులోని ముక్కల జాబితా నాచేత పైకి చదివించారు. లినక్స్ ఆ ముక్కలను ఎస్‌డీఏ అన్న పేరు పక్కన అంకె పెట్టి చూపిస్తుంది. ఎస్‌డీఏ4లో సీ డ్రైవు, ఎస్‌డీఏ5లో నా రికార్డింగులున్న డీ డ్రైవు, రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. హార్డ్ డిస్కు పోనేలేదు. పడుగు నూలంతా మగ్గం మీద క్షేమంగా ఉండి, పోగులను విడదీసి పట్టే అచ్చులోంచి అవి మాత్రం జారిపోయినట్టు, మొదలుపెట్టే దారి ఒక్కటే చెడింది. విండోస్‌ను చివరిసారి ఆపినప్పుడు త్వరగా తెరుచుకోవడానికి దాన్ని సగం నిద్రలో ఉంచే ఫాస్ట్ స్టార్టప్ వల్ల అది పూర్తిగా ఆగి ఉండదని, కనుక ఆ డ్రైవులను చదవడానికి మాత్రమే తెరుద్దామని, ఒక్క అక్షరం కూడా అందులో రాయొద్దని చెప్పారు.

63 జీబీ బయటి డిస్కులోకి వెళ్తుండగా, 11 దాటాక కరెంటు పోయింది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఏం ఫర్వాలేదు మేడం, ఆర్‌సింక్ అన్న కాపీ ఆదేశంతో చేస్తే మిగిలినవి మాత్రమే వస్తాయి అని, కరెంటు అందాక పెన్‌డ్రైవ్‌తో మళ్లీ మొదలుపెట్టించి, కాపీని ఆగిన చోటి నుంచి కొనసాగించారు. మధ్యమధ్య శాంపిల్ వచ్చింది, 15 నిమిషాలు అని వెళ్లేవారు. సరిగ్గా ఆ సమయానికి తిరిగి చేసేవారు.

కాపీ అయ్యాక, ఏదైనా ఒక రికార్డింగు తెరిచి చివరిదాకా వినండి, మధ్యలో తెగిందేమో చూద్దాం అన్నారు. పుట్టపాకలో ఒక ముసలమ్మ ఆసు పోయడం (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే పని) గురించి చెబుతున్న ఆరు నిమిషాల ముక్క అది. ఆమె గొంతు ఆ గదిలో వినిపిస్తుంటే నేను తలెత్తలేకపోయాను. అంతా అయ్యాక ఆయన, పడుగంటే నిలువు పోగులా మేడం, అడ్డంవా అని అడిగారు. నిలువువి పడుగు, అడ్డంవి పేక అని చెప్పాను. అర్ధరాత్రి పూట, అవతల డ్యూటీలో ఉండి, నా పని మీద ఆసక్తితో అలా అడిగిన మనిషిని ఈ పదకొండేళ్లలో ఇంకొకరిని చూడలేదు.

అసలు మరమ్మతు ఆ తర్వాత. ఎస్‌డీఏ2ను, అంటే ఆ 100 ఎంబీ ముక్కను, తిరిగి అది ఉండవలసిన ఫ్యాట్32 రకంగా ఫార్మాట్ చేసే ఆదేశం టైపు చేయించి, ఎంటర్ నొక్కొద్దు, చివర ఏ అంకె ఉందో చదవండి అన్నారు. రెండు అన్నాను. మళ్లీ చదవమన్నారు. మూడోసారి అడుగుతున్నందుకు విసుక్కోకండి, అక్కడ ఐదు పడితే మీ ముసలమ్మ పోతుంది అన్నారు. మూడోసారి చదివాకే ఎంటర్ నొక్కనిచ్చారు. దానికి బూట్, ఈఎస్‌పీ గుర్తులు పెట్టించారు. మింట్ ఉన్న ఎస్‌డీఏ6ను, ఈ చిన్న ముక్కను మౌంట్ చేయించి, డెవ్, ప్రాక్, సిస్, రన్ ఫోల్డర్లను కలిపి, క్రూట్ అన్న ఆదేశంతో డిస్కులోని మింట్ లోపలికి తీసుకెళ్లి, యూఈఎఫ్‌ఐకి సంబంధించిన గ్రబ్ ప్యాకేజీ వేయించి, గ్రబ్-ఇన్‌స్టాల్ చేయించారు. కొత్త పార్టిషన్ గుర్తింపు సంఖ్యను, ఏ ముక్కను ఎక్కడ తెరవాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో చేర్చడం కూడా మరవలేదు. ఖాళీ వదలవలసిన ప్రతిచోటా ఖాళీ అని పలికేవారు, చిన్న గీత, పెద్ద గీత విడివిడిగా చెప్పేవారు. 2:15కి మింట్ తెరుచుకుంది.

రెండో రాత్రి విండోస్ వంతు. విండోస్ 10 సెటప్ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే వచ్చే నల్ల కిటికీలో డిస్క్‌పార్ట్ ద్వారా ఆ 100 ఎంబీ ముక్కకు ఎస్ అన్న అక్షరం ఇప్పించి, బీసీడీబూట్ అన్న ఒక్క ఆదేశంతో విండోస్ బూట్ ఫైళ్లన్నీ తిరిగి రాయించారు. యంత్రం నేరుగా విండోస్‌లోకి వెళ్లిపోయేసరికి, మింట్ మళ్లీ పోయిందని నేను బెంబేలెత్తిపోయాను. ఎక్కడికీ పోలేదు, వరుస మారింది, అంతే అన్నారు. బయోస్‌లోని బూట్ వరుసలో ఉబుంటును పైకి జరపమన్నారు, ఎందుకంటే మనం పెట్టుకున్నది మింట్ అయినా అక్కడ ఉబుంటు పేరుతోనే కనిపిస్తుందట. చివరగా మింట్‌లో గ్రబ్ జాబితాను కొత్తగా రాసే అప్‌డేట్-గ్రబ్ ఆదేశం ఇస్తే, ఎస్‌డీఏ2లో విండోస్ బూట్ మేనేజర్ దొరికిందన్న వరుస కనిపించింది. పైకి చదివి వినిపించాను. అమ్మయ్య అని ఆయనే ముందు అన్నారు.

ఏమైనా పంపుతానంటే ఒప్పుకోలేదు. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, ఆ రికార్డింగులు ఇంకో రెండు చోట్ల దాచండి, అదే నాకు ఇచ్చినట్టు అన్నారు. తమ్ముడూ, ఇది నీ కంటపడితే, ఈ రోజు సాయంత్రానికి రెండో కాపీ తయారవుతుంది. గ్రంథంలో కృతజ్ఞతల పేజీలో పేరు లేకుండానైనా నీ ప్రస్తావన ఉంటుంది, దానికి మాత్రం అడ్డుచెప్పకు.

ఒక్క బాధ మాత్రం చెప్పుకోకుండా ఉండలేను. చెడిపోని డిస్కును చెడిపోయిందని చెప్పి 22,000 అడిగిన చోట రసీదు ఉంది, బోర్డు ఉంది, ఏసీ ఉంది. గడువు వారం పొడిగించమని అడిగితే, సాంకేతిక కారణాలు పరిగణించబోమని నిబంధన చూపించిన ఆఫీసులో, ఏమైందమ్మా అని అడిగినవాళ్లు లేరు. నా యంత్రంలో బయోస్ తెర మీద ఒక్క తెలుగు అక్షరం కనిపించదు. తెలుగు మాటల మీద పనిచేసే మనిషి తన జీవితమంతా దాచుకున్న పెట్టె తెరవడానికి ఫేటల్, లెగసీ అన్న మాటల ముందు వణుకుతూ నిలబడాలా? ఒక హెచ్చరిక, ఇది తీస్తే విండోస్ తెరుచుకోదు అన్న ఒక్క వాక్యం మన భాషలో ఉంటే ఈ రెండు రాత్రులు వచ్చేవి కావు.

మావారు రెండు రాత్రులూ టీ పెట్టి ఇచ్చారు, మా అబ్బాయి ప్యాకేజీ దింపుకోవడానికి తన ఫోను నెట్ ఇచ్చాడు. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది.

అయ్యో, విండోస్ సెటప్ పెన్‌డ్రైవ్ ఎక్కడిదో చెప్పనేలేదు. మా కాలేజీ కంప్యూటర్ ల్యాబు అటెండర్ గారు అడిగిన గంటలో వానలో తడుస్తూ ఇంటికి తెచ్చి ఇచ్చారు. నంబరు ఇప్పించిన లెక్కల మేడంకు, ఆమె మేనల్లుడికి కూడా ప్రత్యేకంగా చెప్పాలి. బయటి హార్డ్ డిస్కు జిరాక్సు షాపు అబ్బాయిది, ఎప్పుడైనా ఇవ్వండి మేడం అని డిపాజిట్ కూడా అడగలేదు.

ఇంకా పైవాటావాళ్లు. కరెంటు పోయినప్పుడు తలుపు కొడితే, ఆ వేళప్పుడు లేచి తమ ఇన్వర్టర్ నుంచి మా గదికి వైరు లాగారు. అది లేకపోతే ఆ రాత్రి కాపీ పూర్తయ్యేది కాదు. ఆ వైరు ఇంకా మెట్ల మీదే ఉంది, తెల్లారగానే చుట్టి ఇచ్చేస్తాను.