దుంగలు వదిలేసి ప్లైవుడ్ లెక్క చూస్తే ఎలా మంత్రిగారూ?

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నందిగామ దగ్గర మాకు మూడెకరాల సుబాబుల్ తోట ఉంది. బెజవాడలో చిన్న ప్లైవుడ్ షాపు ఉంది. అంటే ఒకచోట కర్ర అమ్ముతాం, ఇంకోచోట కర్ర కొంటాం. ధర ఎందుకు తగ్గిందని ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "బయటి సరుకు దిగుతోందండీ". అదెంతో చూద్దామని మన కలప సరుకు దిగుమతులనూ జపాన్ దిగుమతులనూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1961 నుంచి ఈ లెక్కలు ఇస్తోంది. ప్లైవుడ్, కర్ర ముక్కలతో చేసే పార్టికల్ బోర్డు, కర్ర నారతో చేసే ఎండీఎఫ్ లాంటివన్నీ కలిపి 'ప్యానెళ్లు' అంటారు. దుంగల లెక్క వేరు. చిక్కంతా అక్కడే ఉంది.

ఒకప్పుడు జపాన్ ఫిలిప్పీన్స్ నుంచి, తర్వాత ఇండోనేషియా నుంచి లవాన్ అనే అడవి చెట్టు దుంగలు ఓడల్లో తెచ్చుకుని సొంత మిల్లుల్లో ప్లైవుడ్ చేసుకునేది. 1985లో ఇండోనేషియా దుంగల ఎగుమతి ఆపేసి ప్లైవుడ్ అమ్మడం మొదలుపెట్టింది. దాంతో జపాన్ ప్యానెళ్ల దిగుమతులు పెరిగాయి. అడవి అదే, మిల్లు మాత్రం ఊరు మారింది. గ్రాఫులో ప్యానెళ్ల గీత ఒక్కటే చూసినవాళ్లకు ఇది అర్థం కాదు.

మన కథా అలాంటిదే. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో అడవుల నరికివేతకు కళ్లెం వేస్తూ సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చాక ఈశాన్యంలో ప్లైవుడ్ మిల్లులు మూతపడ్డాయి, హర్యానాలోని యమునానగర్ పొలాల్లో పెంచే పోప్లార్ కర్రతో ఎదిగింది. ప్లైవుడ్ పైపొరకు కావాల్సిన గుర్జన్ అనే చెట్టు దుంగలు మయన్మార్ నుంచి వచ్చేవి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఆ దేశం దుంగలు పంపడం మానేసింది. ఆఫ్రికాలోని గాబన్ అయితే తన దుంగలను 2010లోనే ఆపింది. దుంగగా రావాల్సిన చెట్టే ఇప్పుడు పల్చటి చెక్క పొరగా, అంటే వెనీర్‌గా దిగుతోంది. మీ శాఖ పట్టికలో దుంగల కోడ్ 4403 నుంచి వెనీర్ కోడ్ 4408కి మారింది, అంతే. నా షాపులో చాలా షీట్లకు పైన మెరిసే పొర గాబన్‌ది, లోపల కనపడని పొరలు మన రైతువి.

జపాన్ దగ్గర నేర్చుకోవాల్సింది తర్వాతి భాగం. 2007 నుంచి రష్యా దుంగల మీద ఎగుమతి సుంకం పెంచుతూ పోతే, జపాన్ మిల్లులు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాటిన సొంత సుగి (జపాన్ దేవదారు) చెట్ల వైపు ఇంకా గట్టిగా తిరిగాయి. సన్నటి దుంగను కూడా పొరలు తీసే యంత్రాలు పెట్టుకున్నాయి. 2002లో 18.8 శాతం ఉన్న కలప స్వయంసమృద్ధి, అంటే వాడకంలో సొంత కలప వాటా, 2020 నాటికి 41.8 శాతానికి చేరింది. ఇదంతా ప్లైవుడ్ వల్లే అనను గానీ, దాని వాటా చిన్నది కాదు.

2025 ఫిబ్రవరిలో మీరు బోర్డులకు, ప్లైవుడ్‌కు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ రేపు బోర్డుల దిగుమతి తగ్గి వెనీర్ పెరిగితే దాన్ని విజయంగా చెప్పుకోకండి.

నేను అడిగేది ఒక పట్టిక. దుంగలు, వెనీర్, ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు అన్నిటినీ దుంగల ఘనపు మీటర్లలోకి మార్చి, దేశాలవారీగా మూడు నెలలకోసారి, తెలుగులో కూడా ఇవ్వండి.

మా తోటకు ఈ వేసవికి నాలుగేళ్లు. ఇప్పుడే కొట్టి పేపర్ మిల్లుకు తోలాలా, ప్లైవుడ్‌కు పనికొచ్చేలా ఇంకో రెండు మూడేళ్లు లావెక్కనివ్వాలా అని నాన్న రోజూ అడుగుతున్నారు. ఆయనకేం చెప్పమంటారు?

ఇట్లు,
ఒక సుబాబుల్ రైతు కొడుకు, ఎన్టీఆర్ జిల్లా